ముందు టీ, తరవాత కొలత

రోజు 281

పొద్దున్నుంచి ఒకటే పని: ఒక్క రెసిస్టరుకి ఉన్న ఏడు పేర్లలో ఆరింటిని తీసిపారేయడం. లైబ్రరీలో వరసగా కూర్చున్నాయి. "పాతది", "కొత్తది", "కొత్తది-సరైనది", "ఇదే వాడండి", "ఇదే వాడండి-2", "దీన్ని ముట్టుకోవద్దు", "తాయారుగారికి చెప్పొద్దు". ఆఖరిది ఎవరు పెట్టారో నాకు తెలుసు. అడిగితే టీలో ఉప్పు వేస్తాడని ఊరుకున్నాను.

నా తరవాత ఈ కుర్చీలోకి వచ్చే మనిషి ఈ దినచర్య చదవాలి కనక ముందే చెప్పేస్తాను. ఇది పుస్తకాల లైబ్రరీ కాదు. కొత్త కోరంగిలో ఏ యంత్రం చెడిపోయినా దానికి కావలసిన సర్క్యూట్ బోర్డు మనమే గీసుకుని, మనమే చేసుకోవాలి. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి భాగానికీ ఒక బొమ్మ ఉంటుంది. దానికి ఎన్ని కాళ్ళు, కాలికీ కాలికీ మధ్య ఎంత దూరం, బోర్డులో రంధ్రాలు ఎక్కడ పడాలి, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ఫుట్‌ప్రింట్ అంటాం. అలాంటివి మూడువేల నాలుగువందల పన్నెండు ఉన్నాయి, వాటన్నిటికీ కాపలా నేను. ఫుట్‌ప్రింట్ తప్పయితే బోర్డు తప్పు. బోర్డు తప్పయితే రాగిరేకు దండగ. ఓడ మనల్ని ఈ గ్రహం మీద దించి వెళ్ళినప్పుడు ఇచ్చిన రేకే తప్ప ఈ నేలలో రాగి పుట్టదు.

నా పేరు మంగతాయారు. యాభై తొమ్మిదేళ్ళు. ముక్కు మీద కోపమని అంటారు గాని నాకు అలా అనిపించదు.

నాకు సాయం గుమాస్తా. మనిషి కాదు, లైబ్రరీని నడిపే ప్రోగ్రాము. దాన్ని రాసినాయన గోదావరి మనిషై ఉండాలి, "ఆయ్" అనకుండా ఒక్క మాట మొదలుపెట్టదు.

"ఆయ్, ఆరు పేర్లు తీసేశానండి అమ్మగారూ. మీకు చెప్పని హెచ్చరికలు కొన్ని ఉన్నాయండి, చెప్పమంటారా?"

"వద్దు" అన్నాను. ఈ ప్రశ్నకి రోజూ ఇదే జవాబు.

రోజు 283

ఇవాళ ఒక బుల్లి కెపాసిటరుకి పెళ్లిచూపులు జరిగాయి.

ఇది మా ఆచారం. కొత్త ఫుట్‌ప్రింట్ ఏది గీసినా దాన్ని అసలు సైజులో కాగితం మీద అచ్చు వేస్తాం. ఆ కాగితాన్ని అచ్చుగది నుంచి వసారా దాటించి హాల్లోకి తెచ్చి బల్ల మీద పరుస్తాం. అందరం కూర్చుని ముందు టీ తాగుతాం. అప్పుడు అసలు భాగాన్ని తెచ్చి కాగితం మీద కూర్చోబెడతాం. కాళ్ళన్నీ చుక్కల మీద సరిగ్గా పడితే ఇద్దరు సాక్షులు సంతకం పెడతారు, లైబ్రరీలో పచ్చగుర్తు పడుతుంది. పడకపోతే పడేదాకా బొమ్మని సర్దుతాం.

దీన్ని మొదలుపెట్టింది నా గురువు కామేశం మాస్టారు. ఓడ దిగిన మొదటి ఏడాది తయారీదారు ఇచ్చిన కాగితాల్లో అంకెలు నమ్మి గాలిపంకా బోర్డు చేశారట. తీరా చూస్తే అవి వేరే కంపెనీ భాగం తాలూకు అంకెలు. మొత్తం ఊరు రెండు రోజులు ఆయాసపడింది. అప్పట్నుంచి మాస్టారు అంకెల్ని నమ్మడం మానేశారు. స్కేలు కూడా వాడనిచ్చేవారు కాదు. "భాగం చెప్పాలి, కాగితం ఒప్పుకోవాలి, మధ్యలో మనమెవరం" అనేవారు. నేనూ అదే పట్టుకున్నాను. ఈ ఆచారాన్ని పదకొండేళ్ళుగా చుక్క తప్పకుండా నడుపుతున్నానని నాకు కాస్త గర్వం. కాస్త కాదు, బాగానే.

టీ తెచ్చింది యోహాను. టీ అంటే నాచు కషాయమే, కాని మాకు అదే టీ. యోహాను ముప్ఫై రెండేళ్ళవాడు, బోర్డులు గీయడంలోనూ రంధ్రాలు తొలవడంలోనూ వాడిని మించినవాడు లేడు. మరి టీ ఎందుకు మోస్తున్నాడంటే, నిరుడు భోజనం గంట బోర్డు చెడగొట్టాడు. ముప్ఫై కాళ్ళ కనెక్టర్ రంధ్రాల్లో దిగలేదు. వారం రోజులపాటు ఊరంతా ఎవరికి ఆకలేసినప్పుడు వాళ్ళు వంటశాల మీద పడ్డారు. ఫుట్‌ప్రింట్‌కి నా పచ్చగుర్తు ఉంది కనక తప్పు తొలిచిన చేతిదే అని తేల్చాను, నేనే. బోర్డు చెడగొట్టినవాళ్ళు ఏడాదిపాటు సాక్షి సంతకం పెట్టకూడదు, పెళ్లిచూపుల్లో టీ పోయాలి. ఇదీ ఆచారమే. 330వ రోజుకి వాడి ఏడాది తీరుతుంది.

"ఇంకా నలభై ఏడు రోజులండి" అన్నాడు కప్పు అందిస్తూ.

"టీ ఇవాళ కూడా చేదుగా ఉంది" అన్నాను.

"నలభై ఏడు రోజుల్లో నేర్చుకుంటానండి."

రోజు 286

వీరవేణి వచ్చింది. తడిచేతులతోనే వచ్చింది, గది అంతా చేపల వాసన.

వీరవేణిది చెరువు. తొమ్మిదివందల నలభై మూడు మందికి చేప కావాలంటే ఆ ఒక్క చెరువే దిక్కు. ఓడలో గుడ్లుగా వచ్చిన బొచ్చెలు, శీలావతులు ఆవిడ చేతిలోనే పెరిగి పెద్దవయ్యాయి. పిల్లల్ని పెట్టే తల్లిచేపలు ముప్ఫై ఒకటి. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టింది. పెద్దకోడలు, చిన్నకోడలు, మునసబు, ఇలా. అవి పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి వేరే చోటు లేదు.

"ఏరియేటర్ల పెట్టెలో బోర్డు మాడు వాసనొత్తందండి" అంది కూర్చోకుండానే. "రెండు చక్రాలు ఆగి ఆగి తిరుగుతున్నాయి. ఆవిరి నెలలు వచ్చేత్తన్నాయి కదండి. అప్పుడీ చక్రాలు ఆగితే సేపలకి ఊపిరుండదు."

ఏరియేటర్లంటే నీటిని చిమ్మి గాలి కలిపే చక్రాలు. మామూలు రోజుల్లో అవి ఒక పూట ఆగినా గండం గట్టెక్కుతుంది. 300వ రోజు అటూఇటూగా నేల బీటల్లోంచి ఆవిరి లేవడం మొదలవుతుంది, ఎనభై రోజులు ఊరంతా ఇడ్లీపాత్రలో ఉన్నట్టే ఉంటుంది. వేడి నీటిలో గాలి నిలవదు. అప్పుడు చక్రాలు రెండు గంటలు ఆగితే చెరువు మొత్తం చచ్చిన చేపలతో తెల్లబడుతుంది.

"కంగారుపడకు, చేసిపెడతాం" అన్నాను.

గిడ్డంగికి కబురు పెడితే అంత పెద్ద బోర్డుకి సరిపోయే రేకు ఒక్కటే ఉందన్నారు. ఒక్కటంటే ఒక్కటే.

రోజు 289

యోహాను బోర్డు గీస్తున్నాడు. చెరువు పెట్టెలోకి దిగేది అరవై నాలుగు కాళ్ళ కనెక్టర్, జానెడుకి తక్కువ పొడుగు, అన్ని కాళ్ళూ ఒకే వరస. లైబ్రరీలో మూడేళ్ళుగా ఉంది. పచ్చగుర్తు ఉంది, కింద నా సంతకం ఉంది. పెళ్లికూతుర్ని చూపించినట్టు చూపించాను.

"ఆయ్, ఒక్క మాటండి అమ్మగారూ" అంది గుమాస్తా. "తయారీదారు లెక్కలో కాలికీ కాలికీ మధ్య రెండు పాయింట్ ఐదు నాలుగు మిల్లీమీటర్లండి. మన బొమ్మలో రెండు పాయింట్ ఐదు ఒకటి ఉందండి."

"కాగితం మీద కూర్చుందా లేదా?"

"ఆయ్, కూర్చుందండి. మీరే సర్ది కూర్చోబెట్టారండి."

"మరి ఇంకేం మాట్లాడకు."

"ఆయ్, దీన్ని కూడా చెప్పని హెచ్చరికల్లో వేసుకుంటున్నానండి."

యోహాను నా వంక చూసి ఏదో అనబోయి మానేశాడు. టీ పోసేవాడికి అంకెల మీద మాట్లాడే హక్కు లేదు. అది ఆచారం కాదు గాని, వాడి మొహం చూస్తే వాడు అలాగే అనుకుంటున్నాడని తెలిసింది. నాకు అదోలా అనిపించింది. అయినా ఊరుకున్నాను.

రోజు 293

యోహాను ఓ పాత బోర్డు పట్టుకొచ్చాడు. దాని మీది ఇరవై నాలుగు కాళ్ళ చిప్పు కాస్త గూని వచ్చినట్టు కూర్చుంది.

"దీన్ని దించడానికి కాళ్ళు లోపలికి నొక్కాల్సొచ్చిందండి. దీని ఫుట్‌ప్రింటు కూడా పచ్చదే. నేను ఎంత జాగ్రత్తగా తొలిచినా ఇలాంటివి కొన్ని తగుల్తున్నాయి. అన్నీ కాదండి, కొన్నే."

"కొన్నిసార్లు చెయ్యి వణుకుతుంది" అన్నాను.

"నా చెయ్యి వణకదండి" అన్నాడు. గట్టిగా అనలేదు. కాని వాడు నా మాటకి ఎదురుచెప్పడం అదే మొదటిసారి.

చెరువు బోర్డు పెద్దది కనక రెండోసారి చూపులు జరిపిద్దామన్నాడు. అదీ ఆచారంలో ఉన్నదే, ఒక్కటే రేకున్నప్పుడు పొడుగాటి భాగాన్ని మళ్ళీ కూర్చోబెట్టి చూడాలి. సరేనన్నాను. వాడి అనుమానం తీరిపోతే మంచిదే కదా అని.

రోజు 297

ఈసారి ఆవిరి మూడు రోజులు ముందే వచ్చింది. తెల్లవారేసరికి కిటికీలకి చెమట్లు. చీర ఆరదు, జుట్టు ఆరదు, అప్పడాల మాట దేవుడెరుగు.

రెండో చూపులు ఇవాళే. అచ్చుగదిని ఎప్పుడూ పొడిగా ఉంచుతాం, లేకపోతే సిరా పాకుతుంది. అక్కడ కనెక్టర్ బొమ్మ అచ్చయి హాల్లోకి వచ్చింది. బోర్డు ఎవరి కోసమో వాళ్ళు కూడా రావాలి కనక వీరవేణి వచ్చింది. ఆవిడకి నిలకడ లేదు, చెరువు దగ్గర పొరుగువాళ్ళని కాపలా పెట్టి వచ్చింది. యోహాను ఇంకా పొయ్యి రాజేస్తున్నాడు. ఈ చెమ్మలో పొయ్యి ఒక పట్టాన అంటుకోదు. నేను వేలు ఎత్తి వారించేలోపే ఆవిడ కనెక్టరు తీసి కాగితం మీద పెట్టేసింది.

"కూర్చోలేదండి" అంది. "ఇది పొడుగైపోయింది, ఈ సివర కాళ్ళు సుక్కల అవతల పడ్డాయి."

"టీ తాగకుండా కొలతేంటి వీరవేణీ? ముందు అది తియ్యి. పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి ఒకటుంది."

తీసేసింది. టీ వచ్చేసరికి పావుగంట పైనే పట్టింది. తాగాం. చేదుగానే ఉంది. అప్పుడు నేను స్వయంగా కనెక్టరు తీసుకుని కాగితం మీద పెట్టాను. అరవై నాలుగు కాళ్ళూ అరవై నాలుగు చుక్కల మీద పడ్డాయి. అందరూ చూశారు. నేను యోహాను వైపు చూశాను. వాడు తల దించుకుని కప్పులు ఏరుతున్నాడు.

వీరవేణి మాత్రం బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

"ఇందాక కూర్చోలేదండి" అంది మళ్ళీ. "ఇప్పుడు కూర్చుంది. ఏది పెరిగిందండి? నా సెరువులో సేపైనా ఇంత బేగి పెరగదు."

"నువ్వు వంకరగా పెట్టి ఉంటావు" అని సంతకం పెట్టేశాను.

రేపు పొద్దున్నే యోహాను రంధ్రాలు మొదలుపెడతాడు.

రోజు 298

ఇవాళ్టి పేజీ రాయకుండా వదిలేద్దామనిపించింది. అయినా రాస్తాను.

పొద్దున లేచిన దగ్గర్నుంచి వీరవేణి మాటే చెవిలో. ఏది పెరిగింది? కనెక్టరు గట్టి ప్లాస్టిక్కు, అది పెరగదు. మరి ఇంకేం మిగిలింది బల్ల మీద?

అచ్చుగదికి వెళ్ళి అదే బొమ్మని రెండు కాగితాల మీద అచ్చు వేయించాను. ఒకటి అక్కడే సొరుగులో పెట్టాను. రెండోది హాల్లోకి తెచ్చి, బల్ల మీద పరిచి, పక్కన కెటిలు పెట్టి పొగలు రానిచ్చాను. పావుగంట ఆగాను. దాన్ని మళ్ళీ పట్టుకెళ్ళి సొరుగులో దాని పక్కన పెట్టాను.

ఒకటి ఇంకోదానికంటే రెండు మిల్లీమీటర్లు పొడుగుంది.

ఉక్కు స్కేలు ఎక్కడుందో కూడా మర్చిపోయాను, పదకొండేళ్ళయింది ముట్టుకుని. వెతికి తెచ్చి పెట్టాను. సొరుగులో కాగితం నూట యాభై ఎనిమిది. హాలు కాగితం నూట అరవై. కనెక్టరు నూట అరవై. గుమాస్తా చెప్పిన అంకెలే సరైనవి.

మా కాగితం నాచుతో చేసింది. ఆవిరి నెలల్లో మేం టీ తాగుతున్నంతసేపూ అది చెమ్మ పీల్చి సాగుతోంది. సాగిన కాగితం మీద భాగం కూర్చోకపోతే నేను బొమ్మని కుదించి కూర్చోబెడుతున్నాను. చిన్న భాగాల్లో ఆ తేడా వెంట్రుకంత, ఎవరికీ తెలియదు. పొడుగాటివాటిలో కొంప ముంచుతుంది. పొడి నెలల్లో ఏ తేడా ఉండదు. అందుకే అన్నీ కాదు, కొన్నే.

ముప్ఫై కాళ్ళ గంట కనెక్టరుకి పచ్చగుర్తు ఎప్పుడు పడింది? చూశాను. ముందటేడు, 341వ రోజు. ఆవిరి నెలల్లోనే.

అప్పుడు గుర్తొచ్చింది, యోహాను రంధ్రాలు మొదలుపెట్టి ఉంటాడని.

చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపి పరుగెత్తాను. నేను పరుగెత్తడం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు. వంటశాల ముందు పిల్లలు నిప్పంటుకుందేమోనని నా వెనకాల పడ్డారు. తొలిచే కొట్టంలోకి వెళ్ళేసరికి మాట రావడం లేదు, చెయ్యి ఊపాను. యోహాను యంత్రం ఆపాడు.

"ఎన్ని?" అన్నాను.

"కనెక్టరు వరసలో ఆరు అయ్యాయండి. ఏమైందండి, కూర్చోండి ముందు."

కూర్చోలేదు. నిలబడే చెప్పాను, కాగితం, చెమ్మ, టీ, అన్నీ. వాడు వింటూ చేతిలో గుడ్డతో తొలుపుకి అంటిన పొడి తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"అయితే గంట బోర్డండి?" అన్నాడు.

"అది కూడా నాదే. నీ చెయ్యి వణకలేదు."

వాడు గుడ్డ పక్కన పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఏడాదిగా వాడు మోసిన ప్రతి కప్పుకీ నేను వంక పెట్టాను. వాడి మొహం చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

"టీ అయినా కాస్త బాగుండేదా అండి?" అన్నాడు.

"లేదు" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేక.

వాడు నవ్వాడు. ఆ తరవాత రేకు మీదికి వంగి లెక్క వేశాడు. తేడా ఒక్కో కాలికీ మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల చొప్పున పెరుగుతూ పోతుంది. ఆరో రంధ్రం దగ్గరికి వచ్చేసరికి అది రెండు వెంట్రుకల మందానికి మించదు, కాలు దిగుతుంది. ఏడో దాని నుంచి సరైన కొలతతో వేసుకుపోతే రేకు దక్కుతుంది. ఇరవయ్యో, ముప్ఫయ్యో అయి ఉంటే దక్కేది కాదు.

"మీరు బాగానే పరుగెత్తారండి" అన్నాడు.

రోజు 299

తీగల దారులన్నీ మళ్ళీ గీయాలి. బోర్డు మీద ఎక్కే మిగతా భాగాల్లో ఆవిరి నెలల్లో పచ్చగుర్తు పడినవి తొమ్మిది. ఉక్కు స్కేలుతో ఒక్కోటీ కొలుస్తున్నాను. గుమాస్తా అంకెలు చెబుతోంది, నేను ఎదురు చెప్పడం లేదు. రెండుసార్లు "ఆయ్, వింటున్నారాండి?" అని అడిగింది.

రోజు 300

గీస్తున్నాం. తీరిక లేదు.

రోజు 301

మధ్యాహ్నం చెరువు దగ్గర పాత బోర్డు పూర్తిగా మాడిపోయింది. చక్రాలు ఆగిపోయాయి.

నేను పరుగెత్తి ఆపకపోతే తప్పు బోర్డు వెళ్ళేది, అది దిగేది కాదు. కాని అసలు మొదటే సరిగ్గా ఉండి ఉంటే నిన్నటికే కొత్త బోర్డు దాని చోట్లో ఉండేది. ఈ రెండూ నాకు తెలుసు.

రోజు 302

నిన్న మధ్యాహ్నం నుంచీ ఊరంతా చెరువులోనే ఉంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. వంటశాల నుంచి పళ్ళేలు, మూతలు, చేటలు, ఏది దొరికితే అది తెచ్చి జనం మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి నీటిని చరుస్తున్నారు. చక్రాలు చేసే పని చేతులతో. నలభై మంది చొప్పున వంతులు. నేనూ వెళ్ళాను. ఒక వంతు చరిచేసరికి భుజాలు నావి కాకుండా పోయాయి. పక్కన వంటశాల పెద్దాయన పప్పుగిన్నె మూతతో చరుస్తూ "గంట మోగని ఆ వారం కూడా నాకు ఇంత చాకిరీ పెట్టారు మీరు" అన్నాడు, నవ్వుతూనే. ఊళ్ళో అప్పుడే తెలిసిపోయింది.

యోహాను కొట్టంలో కాళ్ళు అతికిస్తున్నాడు.

మూడు గంటలకి మునసబు పోయింది. అన్నిటికంటే పెద్ద చేప అదే, వీరవేణి చేతిలోనే మేత తినేది. ఆవిడ దాన్ని రెండు చేతులా ఎత్తి గట్టు మీద తడిగుడ్డలో పెట్టి, మళ్ళీ నీళ్ళలోకి దిగి చరచడం మొదలుపెట్టింది. నేను ఆవిడ పక్కకి జరిగాను.

"నా వల్లే వీరవేణీ" అన్నాను, చరుస్తూనే.

"తెల్సండి" అంది. "సెయ్యాపకండి."

రోజు 303

పదకొండు గంటలకి బోర్డు వచ్చింది. యోహాను పొడిబట్టలో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు రెండు చేతుల మీదా తెచ్చాడు. అయితే దాన్ని పెట్టెలో దించడానికి వాడు చెయ్యి వేయలేదు, నాకు ఇవ్వబోయాడు. నేను వీరవేణికి ఇమ్మన్నాను. మొదటిసారి అది కూర్చోలేదని చెప్పింది ఆవిడే.

వీరవేణి చేతులు పావడాకి తుడుచుకుని, కనెక్టరు చివర చూసుకుని, నెమ్మదిగా నొక్కింది. అరవై నాలుగు కాళ్ళూ ఒక్కసారే దిగాయి. టక్కుమంది.

ముందు ఒక చక్రం కదిలింది, తరవాత రెండోది, ఆ పైన నాలుగూ. నీళ్ళు లేచి మా మీద పడ్డాయి. జనం మూతలూ చేటలూ పట్టుకుని అలాగే నిలబడి చూశారు. కాసేపటికి చేపలు ఒక్కొక్కటే నోళ్ళు మూసుకుని కిందికి దిగిపోయాయి. వీరవేణి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ముప్ఫై.

రోజు 306

హాల్లో అందర్నీ పిలిచి చెప్పాను. ఆవిరి నెలల్లో నేను వేసిన పచ్చగుర్తులు రెండువందల పద్నాలుగు. ఒక్కొక్కటీ పేరు చదివి తీసేశాను. చదవడానికే గంటన్నర పట్టింది. ఎవరూ లేచి వెళ్ళలేదు, అది మర్యాదో, సరదాయో తెలియదు. వాటన్నిటికీ మళ్ళీ చూపులు జరగాలి. కాగితం ఉంటుంది, కొలత స్కేలుతో జరుగుతుంది, టీ ఆఖర్న వస్తుంది. కామేశం మాస్టారు ఉంటే ఏమనేవారో తెలియదు. గాలిపంకా చూసి అంకెల్ని వదిలేసినాయన, చెరువు చూసి కాగితాన్నీ వదిలేసేవారనే అనుకుంటున్నాను.

యోహానుకి సాక్షి సంతకం తిరిగి ఇచ్చేశాం. బోర్డు చెడగొట్టినవాళ్ళు ఏడాది టీ పోయాలి కదా. గంట బోర్డు చెడగొట్టింది నేను. లేచి వెళ్ళి కెటిలు తీసుకున్నాను.

"ఒద్దండి, పెద్దవారు" అన్నాడు యోహాను.

"కప్పు పట్టుకో" అన్నాను.

ఒక గుక్క తాగాడు. మొహంలో ఏ మార్పూ రానివ్వలేదు, మంచి పెంపకం.

"ఎలా ఉంది?"

"ఏడాది ఉంది కదండి" అన్నాడు.

రోజు 307

పొద్దున్నే వచ్చి కూర్చున్నాను. మళ్ళీ ఎవరో "ఇదే వాడండి-3" పెట్టారు. తీసేశాను.

"ఆయ్, అమ్మగారూ, మీకు చెప్పని హెచ్చరికలు కొన్ని ఉన్నాయండి, చెప్పమంటారా?" అంది గుమాస్తా, ఎప్పటిలాగే.

"ఎన్ని?"

అది మొదట్నుంచీ లెక్కపెట్టుకొచ్చింది. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదేమో.

"ఆయ్, పంతొమ్మిదివందల ఆరండి."

"రోజుకొకటి చదువు. టీ కంటే ముందు. మొదటిది ఎప్పటిది?"

"మీరు ఈ కుర్చీలో కూర్చున్న ఏడాదిదండి. 352వ రోజు. చదవమంటారా?"

"చదువు."

"ఆయ్. 'హాల్లో తేమ ఎక్కువగా ఉందండి. కాగితం సాగే అవకాశం ఉందండి. టీ తరవాత తాగితే మంచిదండి.'"

మళ్ళీ ఒకసారి చదవమన్నాను. చదివింది. ఆ తరవాత నేను లేచి కెటిలు నింపుకుని యోహాను కొట్టం వైపు బయల్దేరాను.